బండ్ల బాట మీది బోరింగు

గుట్టకింది బస్తీ, ఇబ్రహీంపట్నం
ఫిబ్రవరి 11, 2003

సునందా,

కూర్చుని చదువు. నేను మెకానిక్ అవుతున్నాను.

నవ్వకు, చెప్పేది విను. పోయిన వారం మండలాఫీసు వాళ్లు బస్తీలో డప్పు వేయించారు. బోరింగులు బాగుచేసే పని ఆడవాళ్లకు నేర్పిస్తారట, ఎనిమిది మంది కావాలట. అక్కడున్న మగవాళ్లంతా నవ్వారు. నేను చేయి ఎత్తాను. ఎందుకు ఎత్తానో నాకే తెలియదు, ముందు చేయి లేచింది, ఆలోచన తర్వాత వచ్చింది. నా వెనుక యాదమ్మ ఎత్తింది, మణెమ్మ ఎత్తింది. మిగతా ఐదుగురిని మా అత్తమ్మ ఇల్లిల్లూ తిరిగి పోగుచేసింది. అవును, మా అత్త నర్సింహమ్మే. పెళ్లైన కొత్తలో నేను సైకిల్ ఎక్కితే పక్కింటివాళ్ల ముందు తల ఎత్తుకోలేనన్న మనిషి. ఈసారి ఏమన్నదో తెలుసా? "నీల్లు మోసేది మనం. బోరింగు కరాబైతే పదిహేను దినాలు ఎదురుచూసేది మనం. మనకు గాక ఇంకెవరికి నేర్పుతరు?"

మా ఆయన మాత్రం రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. శేరిగూడ కాలేజీల దగ్గర ఆటో నిలబెడితే తోటి డ్రైవర్లు "రమాకాంత్, నీ భార్యకు పానాలు కొనిపెట్టినవా?" అని ఏడిపిస్తున్నారట. మూడో రోజు ఏ సైజు పానా దేనికి పనికొస్తుందో తనే చెప్పడం మొదలుపెట్టాడు. అందులో సగం తప్పు.

నీళ్ల సంగతి రాయకుండా ఉండలేను. వానలు సరిగా పడక ఇది మూడో ఏడు. తొంభై ఇళ్లకు బడి దగ్గరి బోరింగు ఒక్కటే మిగిలింది. మా పిల్ల సాయిశ్రీ పొద్దున బిందె పట్టుకుని లైన్లో నిలబడితే బడి గంట అక్కడే వింటుంది. ఏప్రిల్‌లో దానికి ఏడో తరగతి పరీక్షలు. ఇంట్లో ఇంకో చేయి లేదు, నాకు తప్పడం లేదు.

గుట్ట పక్క బండ్ల బాట మీద ఉన్న బోరింగు నీకు గుర్తుండే ఉంటుంది. మనం చదువుకునే రోజుల్లో రేగుపళ్లకు పోయి అక్కడే నీళ్లు తాగేవాళ్లం. దసరా తర్వాత ఆ పొలాలన్నీ ఎవరో కొని ప్లాట్లు చేశారు. బాటను కూడా కలుపుకొని చుట్టూ గోడ కట్టారు. బోరింగు గోడ లోపల పడింది. మేనేజరును అడిగితే అది ఎండిపోయిందంటాడు, బాట ఊరి నక్షాలో గీసే లేదంటాడు. మీ ఆయన రాజశేఖర్ అన్న ఆఫీసులో చేసేది ఇవే పనులు కదా. నక్షాలో బాట ఉందో లేదో ఎట్లా చూస్తారు? ఎక్కడ అడగాలి? నీకు తెలిసింది రాయి.

నీ రేణుక


వనస్థలిపురం, హైదరాబాదు
ఫిబ్రవరి 20, 2003

రేణుకా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒంటరిగా నవ్వుకున్నాను. ఎనిమిదో తరగతిలో హెడ్మాస్టరు సైకిల్ చైను ఊడితే నువ్వు బాగుచేసి ఇచ్చావు. ఆయన మెచ్చుకుని బహుమతి మాత్రం పక్కన నిలబడ్డ అబ్బాయికి ఇచ్చాడు. నువ్వు ఐటీఐలో ఫిట్టర్ చదువుతానంటే మీ బాపు ఒప్పుకోలేదు. ఇప్పుడు ప్రభుత్వమే పిలిచి పానా చేతిలో పెట్టింది. నర్సింహమ్మత్తకు నా దండాలు చెప్పు.

ఇక్కడ మా అపార్టుమెంటుకు రోజు విడిచి రోజు ట్యాంకరు వస్తుంది. నీళ్లు ఎక్కడివని డ్రైవరును అడిగితే "ఇబ్రహీంపట్నం దిక్కువే అక్కా" అన్నాడు. ఆ రోజు బట్టలు రెండుసార్లు జాడించలేకపోయాను.

నక్షాల సంగతి నాకు అంతగా తెలియదు. ఆయనకు పని ఎక్కువగా ఉంది, వీలు చూసి అడుగుతాను. ఇక్కడ ఊరు ఎటు చూసినా పెరుగుతోంది. ఇవాళ ఉన్న ఖాళీ జాగా వచ్చే నెలకు ఉండటం లేదు. ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం.

సాయిశ్రీని బడి మాన్పించకు. ఎట్లాగైనా పంపు.

నీ సునంద


గుట్టకింది బస్తీ
మార్చి 28, 2003

సునందా,

నా చేతులు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. గ్రీజు గోళ్లలో నుంచి పోవడం లేదు. అన్నం కలుపుతుంటే అత్తమ్మ మొహం తిప్పుకుంటుంది, కానీ సాయంత్రం కాగానే గడపలో కూర్చుని ఈ రోజు ఏం నేర్చుకున్నారో అందరికీ వినబడేటట్టు అడుగుతుంది.

బోరింగు పైన కనిపించేది కొంచెమే. పది పది అడుగుల ఇనుప పైపులు ఒకదానికొకటి బిగించి నేలలోకి దించుతారు. చిట్టచివర సిలిండరు ఉంటుంది. దానిలోని తోలు వాషరు అరిగితే ఎంత కొట్టినా నీళ్లు రావు. పైపులన్నీ పైకి లాగాలి, ఒక్కటి జారితే మొత్తం లోపలికి పోతుంది. జారేటట్టు అనిపించిన ప్రతిసారీ ఎనిమిది మందిమి ఒక్కసారే పట్టు బిగిస్తాం.

మొదటి మరమ్మతు బడి దగ్గర. చూడటానికి బస్తీ అంతా వచ్చింది, అరుగుల మీద మగవాళ్లు పేకముక్కలు పక్కన పెట్టి మరీ వచ్చారు. వాళ్లలో కిష్టన్న మాకు సలహాలు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నాడు. పన్నెండు పైపులు లాగాం, వాషరు మార్చాం, మళ్లీ దించాం. హ్యాండిల్ కొడితే నీళ్లు రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు మణెమ్మ మెల్లగా, "అక్కా, హ్యాండిల్ చైను తగిలించినవా?" అన్నది. తగిలించలేదు. హెడ్ విప్పి చైను తగిలించి కొడితే పదో దెబ్బకు నీళ్లు దూకాయి. ముందు తడిసింది కిష్టన్నే.

ఆ సాయంత్రం మా ఆయన ఆటో వెనుక రాయించుకుని వచ్చాడు: బోరింగు మెకానిక్ రేణుక, కింద మా ఇంటి గుర్తు. నన్ను అడగలేదు. నేనూ ఏమీ అనలేదు కానీ, ఆ ఆటో వీధి మలుపు తిరిగేదాకా చూశాను.

ఒక సంగతి. నక్షాల గురించి అంతగా తెలియదన్నావు. నువ్వు ఐటీఐలో చదివింది నక్షాలు గీయడమే కదా? రెండేళ్లు నీ వేళ్లకు నల్ల సిరా ఆరలేదు. చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. ఆరోగ్యం బాగుందా?

రేణుక


వనస్థలిపురం
ఏప్రిల్ 9, 2003

రేణుకా,

క్షేమం. కొంచెం పని ఒత్తిడి, అంతే. ఉగాది తర్వాత వద్దామనుకున్నాను, వీలు పడలేదు. సెలవుల్లో కూడా రాలేనేమో.

సాయిశ్రీకి పరీక్ష అట్ట, రెండు పెన్నులు, లెక్కల నోట్సు పంపిస్తున్నాను. నీ మొదటి మరమ్మతుకు చాలా సంతోషం.

సునంద


గుట్టకింది బస్తీ
మే 21, 2003

సునందా,

నీ పొట్టి ఉత్తరం మీద అలిగి నెలరోజులు రాయలేదు. ఇప్పుడు అలిగే ఓపిక కూడా లేదు.

ఇట్లాంటి ఎండ మా అత్తమ్మ కూడా చూడలేదట. పొద్దున ఎనిమిదింటికే బిందె అంచు చేయి కాలుస్తోంది. బడి బోరింగు గంటకు నాలుగు బిందెలు ఇచ్చి ఆగిపోతుంది, మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. మిగతా నీళ్లకు రెండు మైళ్ల దూరంలోని తోటకు పోతున్నాం. పోయిన శుక్రవారం మణెమ్మ లైన్లోనే పడిపోయింది. ఏడో నెల దానికి. రమాకాంత్ ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే దాని తల నా ఒళ్లో ఉంది. పెదవులు తెల్లగా ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి లేచి కూర్చుంది, లోపల బిడ్డ కదులుతోందని డాక్టరమ్మ చెప్పింది. నేను బయటకొచ్చి ఆటో వెనుక నిలబడి ఏడ్చాను.

మరునాడు ఇరవై మందిమి మండలాఫీసుకు పోయాం. కొత్త ఎమ్మార్వో మంచివాడిలాగే ఉన్నాడు. వానలు లేకపోతే నేనేం చేయగలనమ్మా అన్నాడు. అత్తమ్మ ముందుకు వచ్చి, "వానలు లేని కష్టం అందరిది అంటున్నరు సారూ. మరి బిందె మాకే ఎందుకొచ్చింది? బడి మా ఆడపిల్లలకే ఎందుకు పోయింది?" అన్నది. ఆయన పెన్ను కింద పెట్టాడు. గోడ లోపలి బోరింగు గురించి అప్పుడు చెప్పాను. ఆఫీసులోని గ్రామ నక్షా తెప్పించి చూశాడు. బట్టకు అంటించిన పాత కాగితం, సరిగ్గా మన గుట్ట ఉన్న మడత దగ్గరే చినిగి, ముక్క లేదు. జిల్లా నుంచి నకలు రావాలంటే నెలలు పడుతుందట. బాట ఉన్నట్టు కాగితం చూపిస్తే రేపే వస్తానన్నాడు.

ఆ వెంచర్ లోపల ఏముందో తెలుసా? పచ్చగడ్డి. ఆదివారం సిటీ నుంచి బస్సుల్లో ప్లాట్లు చూడటానికి వస్తారు కదా, వాళ్ల కోసం వేరే బోరు వేసి మోటారు పెట్టి తడుపుతున్నారు. యాదమ్మ అక్కడే గడ్డికి నీళ్లు పట్టే కూలికి పోతోంది. నిన్న దానికి బదులు నేను పోయాను. మేనేజరు తిండికి పోయినప్పుడు బోరింగు మూత విప్పి, తాడుకు పెద్ద నట్టు కట్టి లోపలికి వదిలాను. నూట పద్దెనిమిది అడుగుల దగ్గర తాడు తడిసింది. నట్టు అడుగు తాకేదాకా కింద ఇంకా నలభై అడుగులు నీళ్లే. దానికున్న పైపులు పదకొండు, అంటే నూట పది అడుగులే. నీళ్లు కిందికి పోయాయి, సిలిండరు పైన గాలిలో ఉంది, అంతే తేడా. మూడు పైపులు కలిపితే బస్తీ అంతా తాగొచ్చు. సునందా, ఆ బోరింగు ఎండిపోలేదు.

నాకు ఒక్క కాగితం కావాలి. నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే అడుగు. ఇదే చివరిసారి అడగడం.

రేణుక


వనస్థలిపురం
మే 27, 2003

రేణుకా,

ఇది చదివాక నువ్వు నాతో మాట్లాడకపోయినా నేను ఏమీ అనుకోను.

ఆ వెంచర్ నక్షా గీసింది నేను.

మా ఆయన ఆఫీసుకు వచ్చే నక్షాలన్నీ నేనే గీస్తాను. పెళ్లైన ఏడు నుంచీ. వంట అయ్యాక భోజనాల బల్ల తుడిచి, ట్రేసింగ్ కాగితం పరిచి గీస్తాను. కింద ఆయన పేరు, ఆయన సంతకం ఉంటాయి. నేను ఇంట్లో ఖాళీగా ఉంటున్నానని ఆయన అందరికీ చెబుతాడు. నేనూ అట్లాగే చెప్పడం అలవాటు చేసుకున్నాను, నీకు కూడా.

పోయిన నవంబరులో ఆ పని వచ్చింది. గ్రామ నక్షా నకలు చూసి గీశాను. గుట్ట కనిపించింది, బండ్ల బాట కనిపించింది, దాని మీద చిన్న సున్నా చుట్టి బోరింగు గుర్తు. మనం నీళ్లు తాగిన చోటని నాకు వెంటనే తెలిసింది. అది చూసి సంతోషపడ్డాను కూడా. రెండు రోజుల తర్వాత ఆయన వచ్చి, పొలాలు కొన్న పార్టీ వాళ్లు బాట తీసేయమంటున్నారు, ఎవరూ నడవని బాట అది అన్నాడు. "అక్కడ బోరింగు ఉంది కదా" అన్నాను ఒక్కసారి. ఆయన వినిపించుకోలేదు. నేను రెండోసారి అనలేదు. ట్రేసింగ్ మీద సిరా గీత తీయాలంటే బ్లేడుతో మెల్లగా గీకాలి. కాగితం చిరగకుండా గీకడంలో నాకు మంచి పేరు. అరగంట పట్టింది.

నా పేరు లేని కాగితం మీద నా తప్పు మాత్రం ఎందుకుంటుంది అనుకున్నాను. ఫిబ్రవరిలో నీ ఉత్తరం వచ్చేదాకా అట్లాగే అనుకుంటూ ఉన్నాను. తర్వాత నీకు అబద్ధం రాశాను. తర్వాత అబద్ధం కూడా రాయలేక పెన్నులు పంపాను. మణెమ్మ పడిపోయిందని చదివిన రోజు అన్నం మాడిపోయింది.

దీనితో రెండు కాగితాలు పెడుతున్నాను. ఒకటి జిల్లా కచేరీ ముద్ర ఉన్న గ్రామ నక్షా నకలు, ఆ పని కోసం తెచ్చింది. రెండోది నేను మొదట గీసిన నక్షా ప్రింటు, బాటతో, బోరింగుతో ఉన్నది. రిజిస్టర్ పోస్టు చేస్తున్నాను. ఆయనకు చెప్పలేదు. ఇవాళ చెబుతాను.

సునంద


గుట్టకింది బస్తీ
జూన్ 2, 2003

సునందా,

రెండు రోజులు నీ ఉత్తరాన్ని సందూకలో పెట్టి తాళం వేశాను. కోపం రాలేదని రాస్తే నేనూ అబద్ధం రాసినదాన్నవుతాను. లైన్లో నిలబడ్డ ప్రతిసారీ నీ బ్లేడు గుర్తొచ్చింది.

నిన్న నీ మొదటి నక్షాను నేల మీద పరిచి అత్తమ్మకు చూపించాను. చదవడం రాని మనిషి, వేలు పెట్టి బాట వెంట నడిచింది. గుట్ట దగ్గర ఆగి, "గిది మన బోరింగే" అన్నది. "ఎంత మంచిగ గీసింది" అన్నది. ఎవరు గీశారో, తర్వాత ఏం చేశారో చెప్పాను. కాగితం మడత పెడుతూ, "తప్పు చేసినోల్లు మస్తుమంది ఉంటరు బిడ్డా. తప్పు ఒప్పుకొని ముద్ర కాగితం పంపినోల్లను నేనెవరిని చూడలే" అన్నది.

నా కోపం అక్కడికి సగమైంది. మిగతా సగం నువ్వు వచ్చినప్పుడు తిట్టి తీర్చుకుంటాను.

కానీ ఇవి మండలాఫీసులో ఇస్తే రాజశేఖర్ అన్న పేరు బయటికొస్తుంది. మీ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలియదు. నువ్వు సరే అంటేనే ఇస్తాను. కార్డు రాయి.

రేణుక


పోస్టుకార్డు
వనస్థలిపురం, జూన్ 5

రేణుకా, ఇవ్వు. ఆయనకు చెప్పాను. తొమ్మిది రోజులుగా మాట్లాడటం లేదు. అయినా ఇవ్వు.

సునంద


గుట్టకింది బస్తీ
జూన్ 15, 2003

నా సునందా,

ముందు ఇది చదువు: నీళ్లు వచ్చాయి.

ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను. గురువారం పదింటికి ఎమ్మార్వో వస్తానన్నాడు. మేం తొమ్మిదింటికే గేటు దగ్గర కూర్చున్నాం, పైపులు, పానాలు, తాళ్లు అన్నీ ఆటోలో కట్టుకుని. మణెమ్మను రావద్దన్నాం, వచ్చి నీడలో కూర్చుంది. అప్పుడే బస్సు దిగి ఎవరో చొక్కా తడిసిపోయి నడిచొస్తున్నాడు. నేను దూరం నుంచే గుర్తుపట్టాను. రాజశేఖర్ అన్న. మేనేజరే పిలిపించాడట. అత్తమ్మ ఆయనను ఎప్పుడూ చూడలేదు కదా, ఎండన పడి వచ్చిన మనిషని చెంబుతో నీళ్లిచ్చింది. "తాగు బిడ్డా. జర చూసి తాగు, పారపొయ్యకు. రెండు మైల్లు నడిచి తెచ్చిన నీల్లు" అన్నది. ఆయన చెంబు నోటి దాకా తీసుకుని ఆగాడు. ఎక్కడి నుంచి తెచ్చారని అడిగాడు. అత్తమ్మ గోడ అవతలి దిక్కు చూపించి, ఈ గోడ లేకపోతే ఇంత దూరం పని లేదని మామూలుగా చెప్పింది. ఆయన తాగాడు. ఒక్క చుక్క కింద పడలేదు, నేను చూశాను.

ఎమ్మార్వో వచ్చాడు. నీ రెండు కాగితాలు, మేనేజరు తెచ్చిన కాగితం ఆటో సీటు మీద పక్కపక్కన పరిచాడు. గ్రామ నక్షాలో, నీ నక్షాలో బాట ఉంది, మేనేజరు దానిలో లేదు. నీ నక్షా, మేనేజరుది గీసిన చేయి ఒక్కటే అని ఆయనే కనిపెట్టాడు. "ఇవి గీసిందెవరు?" అన్నాడు. మేనేజరు అన్నవైపు చూపించాడు. ఇక్కడ జరిగింది నీకు ఆయన చెప్పి ఉండడు, అందుకే మాట పొల్లుపోకుండా రాస్తున్నాను.

అన్న ముందుకు వచ్చి ఆ రెండు కాగితాల మీదా వేలు పెట్టాడు. తర్వాత, "రెండు నా భార్యనే గీసింది సార్. పేరు సునంద. మొదటిదే కరెక్టు. బాట తీసెయ్యమన్నది నేను. ఈడ బోరింగుంది కదా అని ఆమె అడిగింది. నేనే ఇనలే" అన్నాడు.

మేనేజరు ఏదో అనబోయాడు. ఎమ్మార్వో చేయి అడ్డం పెట్టాడు. బాట ఉన్న మేర గోడ తీసేయాలని, గడ్డికి మోటారు పెట్టొద్దని అక్కడే రాసి సంతకం చేశాడు. గేటు తెరవమన్నాడు.

మిగిలిన ఏడుగురం పనిలోకి దిగాం. పదకొండు పైపులు పైకి లాగి, కొత్త వాషరు వేసి, మూడు పైపులు కలిపి పద్నాలుగు దించాం. ఎండకు ఇనుము పట్టుకోలేక చేతులకు తడి గోనె చుట్టుకున్నాం. తొమ్మిదో పైపు దగ్గర నా చేయి జారింది. పైపును పట్టుకున్నది ఎవరో తెలుసా? ఇస్త్రీ చొక్కాతో మీ ఆయన. యాదమ్మ ఆయనను "అన్నా, అట్ల కాదు, మోకాలు వంచు" అని గదమాయించింది. ఆయన వంచాడు.

తర్వాత కొట్టడం మొదలుపెట్టాం. ఇరవై దెబ్బలు, ముప్పై. గాలి తప్ప ఏమీ లేదు. నలభై దాటాక మేనేజరు ఫోనులో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఈసారి చైను తగిలించే ఉంది, రెండుసార్లు చూసుకున్నాను. అరవై దెబ్బలకు లోపల గుడగుడమంది. ముందు తుప్పు నీళ్లు, ఎర్రగా. తర్వాత తెల్లగా, చల్లగా, సునందా, ఎంత చల్లగా అంటే పిల్లలు చేతులు పెట్టి వెనక్కి లాక్కున్నారు. మొదటి బిందె మణెమ్మకు పట్టాం. అది తాగలేదు, నెత్తిన పోసుకుంది. నీళ్లు వృథా చేసిందని తిట్టాల్సిన అత్తమ్మ పక్కకు పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

సాయిశ్రీ ఏడో తరగతి ఫస్టుక్లాసులో పాసైంది. బడి తెరిచి రెండు రోజులైంది, రెండు రోజులూ ఆలస్యం కాలేదు.

నీ రేణుక


వనస్థలిపురం
జూన్ 26, 2003

రేణుకా,

ఆ మాట ఆయన నాకు చెప్పలేదు. నీ ఉత్తరంలో చదివాను. చదివి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను.

ఆ రోజు ఆయన ఇంటికి వచ్చేసరికి చొక్కా నిండా గ్రీజు. నేను కొట్లాటకు సిద్ధంగా ఉన్నాను, ఏమనాలో కూడా పేర్చి పెట్టుకున్నాను. ఆయన చెప్పులు విప్పుతూ, "నీల్లున్నయి ఆడ. నూటపద్దెనిమిది అడుగులకు" అని మాత్రం అన్నాడు. స్నానానికి పోయి, ఒక బకెట్టుతో ముగించి వచ్చాడు.

ఆ పార్టీ వాళ్లు పని ఆపేశారు. ఇంకో ఇద్దరు కూడా వెనక్కి తగ్గారు. పోయిన సోమవారం నేనే మాట ఎత్తాను. ఇక మీదట భోజనాల బల్ల మీద గీయను, ఆఫీసులో నాకొక బల్ల కావాలి, గీసినవాళ్ల పేరు ఉన్న నక్షాలే బయటికి పోవాలి అన్నాను. ఆయన, "అందరు నవ్వుతరు" అన్నాడు. రమాకాంత్‌ను చూసి కూడా నవ్వారని, ఇప్పుడు ఆటో వెనుక పేరు రాయించుకుని తిరుగుతున్నాడని చెప్పాను. ఆయన, "అవ్, సూసిన ఆ ఆటో" అన్నాడు. ఆయన నవ్వు చూసి ఎన్ని రోజులైందో.

నిన్న బల్ల వచ్చింది. కిటికీ పక్కన వేయించుకున్నాను. మధ్యాహ్నం వెలుతురు ఎంత బాగుందో, ఇన్నేళ్లూ ట్యూబులైటు కింద కళ్లు పొడుచుకున్నాను. ఆఫీసుకు వచ్చిన ఒక పెద్దమనిషి టీ తెమ్మన్నాడు నన్ను. ఈయన లేచి తనే పోయి తెచ్చాడు.

నువ్వు తిట్టాల్సిన సగం కోపం అట్లాగే ఉంచు, వచ్చి తీసుకుంటాను.

నీ సునంద


గుట్టకింది బస్తీ
ఆగస్టు 8, 2003

సునందా,

మూడు రోజులుగా వాన. పెద్ద వాన కాదు, నేల తాగే వాన. తడిసి తడిసి ఈ ఉత్తరం రాస్తున్నాను, అక్షరాలు అలికినట్టుంటే ఏమనుకోకు. గోడ రెండు పక్కలా తీసేశారు. బాట మీద మళ్లీ ఎడ్లబండి పోయింది. ప్లాట్లు కొన్నవాళ్లు కూడా మన బోరింగు దగ్గరికే వస్తున్నారు. వాళ్లను లైన్లో నిలబెట్టే పని అత్తమ్మది.

మణెమ్మకు కూతురు పుట్టింది. మూడు కిలోలు. డాక్టరమ్మ తూచి రెండోసారి తూచింది.

ఇంకో కబురు. మండలంలోని బోరింగులన్నీ మా ఎనిమిది మందికి అప్పజెప్పారు. ముందు, మగ మెకానిక్‌కు ఇచ్చే దాంట్లో సగం ఇస్తామన్నారు. అత్తమ్మ మాతోపాటు మీటింగుకు వచ్చి, "పైపు బరువు ఆడోల్లకు సగమే ఉంటదా సారూ?" అని అడిగింది. పూర్తి కూలి రాసిచ్చారు. నిన్న ఇంకో కొత్త ఊరికి పోయాం. ఆటో ఆగగానే అక్కడి పెద్దలు వచ్చి మెకానిక్ ఏడని రమాకాంత్‌ను అడిగారు. ఆయన సీటులోంచి కదలకుండా వెనక్కి చూపించాడు. పని అయ్యాక అక్కడి ఆడపిల్లలు ఇద్దరు మా పానాలు పట్టుకుని చూసి, ఇది మేం కూడా నేర్చుకోవచ్చా అని అడిగారు. సోమవారం నుంచి వస్తారు.

ఇప్పుడు అసలు విషయం. మేం పోయిన ప్రతి బోరింగులో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో తాడుతో కొలిచి రాస్తున్నాం. ఎమ్మార్వో అది చూసి, మండలం మొత్తానికి నీళ్ల నక్షా ఒకటి కావాలన్నాడు. ఏ బోరింగులో ఎంత లోతున నీళ్లున్నాయి, దాని పక్కన ఎవరూ పెద్ద మోటారు పెట్టకుండా ఎంత జాగా వదలాలి, అన్నీ ఒక్క కాగితం మీద ఉంటే, ఇక మీదట వెంచర్లకు పర్మిషన్ ఇచ్చేటప్పుడు ముందు అది తీసి చూస్తారట. గీయడానికి ఎవరైనా ఉన్నారా అని నన్నే అడిగాడు. నేను ఆలోచించలేదు.

ఆదివారం మొదటి బస్సుకు రా. గట్టి చెప్పులు వేసుకో, నూట నలభై బోరింగులున్నాయి, అన్నిటి దగ్గరికీ ఆటో పోదు. రాజశేఖర్ అన్న వస్తానంటే రమ్మను, పైపులు పట్టే మనిషి మాకు ఎప్పుడూ తక్కువే.

పని కాగితం మీద ఎమ్మార్వో నీ పేరు రాసుకున్నాడు. సునంద అని రాసి ఆగి, ఇంటిపేరు ఏది రాయమంటారు, పుట్టింటిదా, అత్తగారింటిదా అని అడిగాడు. నాకు తెలియదు, ఇప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదన్నాను. అక్కడ ఖాళీ వదిలాడు. నువ్వే వచ్చి చెప్పు.

నీ రేణుక